రోగం దాచని మా చెల్లె

మా చెల్లె పోయిందన్న మాట నేను రేషన్ దుకాణం ముందు వరుసలో నిలబడి విన్నాను. ఫోను మోగితే తీశాను. అవతల మేనకోడలు ఏదో అంటోంది. ఏడుపులో మాట తెలియడం లేదు. నా చెవులు కూడా ఇదివరకటి చెవులు కావు. వెనక నిలబడ్డ మనిషి నా చేతిలోంచి ఫోను తీసుకుని విన్నాడు. నా ముఖం వైపు చూసి, "పెద్దమనిషీ, మీ చెల్లె ఇగ లేదంట" అన్నాడు. డీలరు తూకం ఆపేశాడు. నా ముందున్న వాళ్లంతా పక్కకు జరిగారు. అడగకుండానే నా సంచిలో బియ్యం పోసి, "వేలిముద్ర రేపేద్దువు, పో" అన్నాడు డీలరు. సంచి భుజాన వేసుకుని ఇంటికి వచ్చాను. చెల్లె చచ్చిపోతే బియ్యం మోసుకొస్తున్నాడేమిటి అనుకున్నవాళ్లు ఉన్నారు. అనుకోనీ. వచ్చే చుట్టాలకు వండాలి కదా. చెల్లె ఉంటే ఆ మాటే అనేది.

నేను చదువుకున్నవాడిని కాను. మేకలు కాసేవాడిని. కూడబలుక్కుని చదువుతాను, నిదానంగా రాస్తాను. చెల్లె గురించి రాసి ఇవ్వమని బడి సార్లు అడిగారు. మీరే రాయొచ్చు కదా అంటే, నువ్వు రాస్తేనే బాగుంటుంది అన్నారు. అదీ నిజమే. వాళ్లు రాస్తే అన్నపూర్ణ అంటారు, త్యాగమూర్తి అంటారు. ఆమె అలాంటిది కాదు. మొండిది. నోటి దురుసుది. బడిలో పిల్లలకు అన్నం వండేది. ముఖం మీద ఉన్నది ఉన్నట్టు చెప్పేది. నేను కూడా అంతే. మా నాయిన కూడా అంతే. అందుకే మా ఇంట్లో ఎప్పుడూ లొల్లి.

మాది దేవరకొండ వైపు ఊరు. గుట్టలు, పత్తి చేలు, బోర్లు. మా బోరు నీళ్లు చూడటానికి అద్దంలా ఉంటాయి. చేదు ఉండదు, వాసన ఉండదు. ఆ నీళ్లలో పప్పు మాత్రం ఉడకదు. చిన్నప్పటి నుంచి తాగినవాళ్లకు పళ్లు గారపడతాయి. నడివయసులో కీళ్లు బిగుస్తాయి. ఆ తర్వాత నడుము వంగి మళ్లీ లేవదు. ఫ్లోరైడు అంటారు. తెలంగాణ వచ్చినాక నల్లాల్లో కృష్ణ నీళ్లు వస్తున్నాయి. ఇప్పటి పిల్లల పళ్లు తెల్లగా ఉన్నాయి. చూస్తే సంతోషమే. మా నడుములు మాత్రం పాత నీళ్ల నడుములు.

మా చెల్లెకు అందరికంటే ముందే వంగింది. కూతురు చేతిలో ఉండగానే మొదలైంది. బడిలో వంటకు కుదిరే నాటికి ముఖం నేలను చూసేది. ఎదుటి మనిషి ముఖం చూడాలంటే ఆమెకు కష్టం. అందుకని కాళ్లను చూసి గుర్తుపట్టడం నేర్చుకుంది. బడి పిల్లలు పళ్లెం పట్టుకుని వరుసలో వస్తుంటే కాళ్లు చూసి పేరు పెట్టి పిలిచేది. "ఏందిరా, నిన్న రాలేదు. మడిమ పగిలిందా?" అనేది. పెద్ద సారు ఒకసారి కొత్త చెప్పులు వేసుకుని వస్తే, "ఎవరు సారూ మీరు, కొత్తగ వచ్చిండ్రా?" అని అందరిముందు అడిగింది. ఆయన వారం రోజులు నవ్వాడు.

వంగిన మనిషి అని ఎవరైనా జాలి పడితే ఆమెకు నచ్చేది కాదు. చుట్టాల పెళ్లిలో ఒకామె, "అయ్యో, ఎంత కష్టమొచ్చెనే నీకు" అంటే, "నాకేం కష్టం. కింద పడ్డ పైస నాకంటె ముందు ఎవరికి దొరుకుతది?" అంది. అక్కడున్నవాళ్లు నవ్వలేక నవ్వారు.

ఆమె పెనిమిటి లారీ నడిపేవాడు. శ్రీశైలం రోడ్డు మీద, కల్వకుర్తి దాటినాక, లారీ బోల్తాపడి పోయాడు. ఆయనకు ఏ బీమా పాలసీ లేదు. ఆ నెలలోనే నలుగురు పెద్దమనుషులు కూర్చుని, ఆడపిల్లను బడి మాన్పించి పత్తి ఏరడానికి పంపు అన్నారు. అందులో నేనూ ఉన్నాను. చెల్లె వినలేదు. పిల్లను చదివించింది. పిల్ల పాలమూరులో నర్సు చదువుకు చేరింది. అప్పుడు పట్టుకుంది చెల్లెకు భయం. చావు భయం కాదు. "నేను నడిమిట్ల పోతె మీరంత మల్ల కూసుంటరు అన్నా. మల్ల గదే మాటంటరు" అంది. అంటాం కావచ్చు.

భూమి ఉన్న రైతులకు సర్కారు బీమా ఉంది. మా చెల్లె పేరు మీద గుంట భూమి లేదు. అందుకని సొంతంగా ఒక పాలసీ తీసుకోవాలని అనుకుంది. తాను పోయినా పిల్ల చదువు ఆగకూడదు. అంతే ఆమె కోరింది. ఇంకేమీ కోరలేదు.

పక్క ఊరిలో ఎరువుల దుకాణం ఆయన పాలసీలు కూడా రాయించేవాడు. ఆయన్ను ఇంటికి పిలిచింది. నేను అరుగు మీద కూర్చుని ఉన్నాను. ఆయన ఫారం తీసి ఒక్కొక్కటే అడిగాడు.

"గుండె జబ్బు ఉన్నదా అక్కా?"

"లేదు."

"షుగరు?"

"లేదు."

"మూర్ఛ గిట్ల ఏమన్న?"

"మా ఇంటా వంటా లేదు."

"ఇంకేమన్న రోగం?"

"నాకేం రోగమున్నది తమ్మీ. మంచిగనే ఉన్న."

ఈ మాట అన్నప్పుడు ఆమె గోడకు చేయి ఆనించి నిలబడి ఉంది. నడుము దగ్గర మనిషి కొడవలిలా వంగి ఉంది. ఆ మాట ఏజెంటుకు చెప్పలేదు, ఆయన చెప్పులకు చెప్పింది. అయినా ఏజెంటు నవ్వలేదు. నేనూ నవ్వలేదు. మా ఇద్దరికీ అది అబద్ధంగా తోచలేదు. ఆమె అబద్ధం చెప్పనూ లేదు. మా ఊళ్లో జ్వరం రోగం, కామెర్లు రోగం, క్షయ రోగం. నడుము వంగడం రోగం కాదు. వెంట్రుకలు నెరవడం రోగమా? ఇదీ అట్లాంటిదే అని మా లెక్క. ఏజెంటు నడుము కూడా అప్పటికే కొంచెం బిగుసుకుని ఉంది. ఫారం రాసుకుని, చాయ తాగి వెళ్లిపోయాడు.

ఆ మాట కాదన్నది మేనకోడలు. సెలవులకు వచ్చి లోపల గిన్నెలు తోముతోంది. చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చి, "అమ్మా, రోగం లేదని చెప్పినవేంది? నీకు ఫ్లోరోసిస్ ఉన్నది. మా పుస్తకంల దానికి ఒక పాఠమే ఉన్నది" అంది.

"గది రోగమెట్లయితదే? నీళ్లు."

"నీళ్లతోటి వచ్చిన రోగం."

మర్నాడు బడిలో వంట అయిపోయాక చెల్లె ఆటో ఎక్కి ఎరువుల దుకాణానికి పోయింది. ఏం చేస్తుందోనని నేనూ పోయాను. దుకాణంలో యూరియా కోసం వచ్చిన రైతులు ఉన్నారు. అందరి ముందూ అంది.

"తమ్మీ, నిన్న ఒకటి తప్పు చెప్పిన. నాకు రోగమున్నది. రాయి."

"ఏం రోగమక్కా?"

"కండ్లు లేవా నీకు?"

రైతులు నవ్వారు. ఏజెంటు ఆమెను పక్కకు తీసుకుపోయి చెప్పాడు. "అక్కా, నీకు దండం పెడత. గది రాస్తె పైన సార్లు ఎక్స్‌రేలు అడుగుతరు, రక్త పరీక్షలు అడుగుతరు. ఆఖరికి పాలసీ ఇయ్యరు. రాయకుంటె సప్పుడు గాకుంట ఇంటికొస్తది."

"వచ్చినంక?"

"వచ్చినంక ఏమున్నది, పెట్టెల పెట్టుకో."

"నేను సచ్చినంక నా బిడ్డ గా కాయితం పట్టుకొని పోతది. మీ అవ్వ నడుం ఎన్నడో వంగింది, మాకెందుకు చెప్పలేదని అడిగితె అదేం చెప్పాలె?"

ఏజెంటు తల గోక్కుంటూ ఫారంలో ఆ రోగం కూడా రాశాడు. ఇంటికి వచ్చే దారి పొడవునా చెల్లెను తిట్టాను. కోరి కొరివితో తల గోక్కుంటున్నావు అన్నాను. "ఊరు ఊరంత గిట్లనే ఉన్నది. నీ ఒక్కదానికేనా రోగం?" అన్నాను.

"ఊరంత ఉంటె రోగం కాకుంట పోతదా అన్నా?" అంది.

నాకు కోపం వచ్చింది. జవాబు తోచకపోతే నాకు కోపం వస్తుంది.

ఏజెంటు చెప్పినట్టే అయింది. పరీక్షలు అడిగారు. నల్గొండకు బస్సులో తీసుకుపోయాను. ఎక్స్‌రే తీసే ఆయన బల్ల మీద వెల్లకిలా పడుకోమన్నాడు. ఆమె పడుకుంటే కాళ్లు లేస్తాయి, కాళ్లు దించితే తల లేస్తుంది. ఆయన విసుక్కుని, "జర సాపుగ పండు అమ్మా" అన్నాడు. "నన్ను సాపు జేసెటోడు ఇంక పుట్టలే బిడ్డా. పక్కకు తిరుగుత, అట్లనే తియ్యి" అంది. ఒక పక్క నేను, ఒక పక్క ఆయా పట్టుకుంటే తీశాడు.

రక్తం చూసిన డాక్టరు ఇంకో మాట చెప్పాడు. కిడ్నీలు కూడా కొంచెం అలిసిపోయాయట. ఇన్నాళ్లూ మాకు తెలియదు. పాలసీ కోసం పోతే తెలిసింది. బయట బల్ల మీద కూర్చుని చెల్లె చాలాసేపు తన పాదాలనే చూసుకుంది. నోరు మూసుకుని ఉంటే పాలసీ ఇంట్లో ఉండేది, ఈ కబురు కూడా చెవిన పడేది కాదు అని నాకు అనిపించింది. అనిపించిన మాట పైకి అన్నాను కూడా. "తెలువకుంటె కిడ్నీలు మంచిగయితయా?" అంది.

మొదటి కంపెనీ వాళ్లు ఇవ్వలేము అని ఉత్తరం పంపారు. కూతురు చదివి చెప్పింది. నేను ముందే చెప్పలేదా అన్నాడు ఏజెంటు. ఊళ్లో కూడా అదే మాట. హోటలు నడిపే మా వదినె ఒకామె, "సత్యహరిశ్చంద్రుని చెల్లె వచ్చిందమ్మా" అని ఎత్తిపొడిచేది. చెల్లె మర్నాడు మామూలుగానే బడికి పోయి పప్పు ఎసరు పెట్టింది. ఆ రోజు పప్పులో ఉప్పు వేయడం మరిచిపోయింది. పిల్లలు చెబితే తెలిసింది. అంతకుముందు ఎన్నడూ అలా జరగలేదు.

కానీ వదలలేదు. ఏజెంటు వెంట పడింది. ఆయన కూడా మెల్లగా పట్టుదలకు వచ్చాడు. ఎక్స్‌రే, డాక్టరు కాగితాలు అన్నీ జతచేసి మరో కంపెనీకి పంపాడు. వాళ్లు ఇంకా రెండు పరీక్షలు అడిగారు. చివరికి ఒప్పుకున్నారు. కానీ మంచిగా ఉన్నవాళ్లు కట్టేదానికంటే ఎక్కువ కట్టాలి. ఇంకో మెలిక కూడా పెట్టారు. మొదటి మూడేళ్లలో రోగంతో పోతే, కట్టింది మాత్రమే తిరిగి ఇస్తారు. మూడేళ్లు దాటినాక పోతేనే పాలసీ మొత్తం వస్తుంది. ఏజెంటు ఇది చెప్పడానికి చాలా నసిగాడు.

"అంటె మూడేండ్లు సావద్దు. గంతే గద?" అంది చెల్లె.

"గంతే అక్కా."

"సరే. సావ. రాయి."

ఆ మూడేళ్లు మా చెల్లె బతికిన బతుకు గురించే నేను ఎక్కువ చెప్పాలి. కోడి గుడ్డు మీద కూర్చున్నట్టు తన ప్రాణం మీద తాను కూర్చుంది. అంతకుముందు దగ్గు వచ్చినా జ్వరం వచ్చినా పట్టించుకునేది కాదు. ఇప్పుడు నెలనెలా దవాఖానకు పోయేది. ఉప్పు మానేసింది. పచ్చళ్లు మానేసింది. మామిడికాయ తొక్కు లేనిదే ముద్ద దిగని మనిషి. ఎండలో పనికి పోవడం మానేసింది. ఒక్కపొద్దులు మానేసింది. "దేవుడు ఆగుతడు, కంపెనోళ్లు ఆగరు" అనేది.

అన్నిటికంటే కష్టం చాయ. నల్లా నీళ్లు సీసాలో పోసుకుని, కొంగుతో నడుముకు కట్టుకుని తిరిగేది. ఎవరింటికి పోయినా వాళ్ల నీళ్లు ముట్టదు, చాయ ముట్టదు. నల్లా ఉన్నా మా ఊళ్లో చాలామంది చాయకు బోరు నీళ్లే పోస్తారు. నల్లా నీళ్ల చాయకు రుచి లేదంటారు. నేను కూడా అంటాను. మా దగ్గర ఇంటికి వచ్చిన మనిషి మంచినీళ్లు ముట్టకపోతే మొహం మీద కొట్టినట్టే. ఎంత పగ ఉన్నవాడైనా ఒక గుక్క తాగి గ్లాసు కింద పెడతాడు. మా చెల్లె చావు ఇంట్లో, పెళ్లి ఇంట్లో, తన తోడికోడలు ఇంట్లో కూడా గ్లాసు వెనక్కి ఇచ్చింది. హోటలు వదినె ఒకరోజు అందరి ముందూ నిలదీసింది.

"మా చాయల విషం గలిపినమా? పుట్టినకాంచి తాగి పెరిగినవు, గిప్పుడు చేదయిందా?"

"నీ చాయ మీద కోపం లేదు వదినె. నీ బోరు మీద కోపం."

"మేం తాగుతలేమా? మేం బతుకుతలేమా?"

"బతుకుతున్నరు. నేను లెక్కపెట్టుకొని బతుకుతున్న. నన్ను ఇడిసిపెట్టు."

ఆ తర్వాత కొందరు ఆమెను పిలవడం మానేశారు. ఆమె పట్టించుకోలేదని రాయను. పట్టించుకుంది. ఊరి బొడ్రాయి పండుగ నాడు ఆడవాళ్లందరూ ఒకచోట కూర్చుని కల్లు తాగుతుంటే, ఈమె తన సీసా పట్టుకుని మా గడప దగ్గర ఒక్కతే కూర్చుంది. నా భార్య వెళ్లి పక్కన కూర్చుంది.

బడిలో మాత్రం ఆమెదే రాజ్యం. పిల్లల అన్నానికి బోరు నీళ్లు పోయనివ్వలేదు. నల్లా రాని రోజు ట్యాంకరు కోసం పెద్ద సారు ప్రాణం తీసేది. "నా నడుం చూడు సారూ. చూసినంక గా బోరు పైపు ముట్టు" అనేది. ఆయన ముట్టేవాడు కాదు.

మూడో ఏడు కిడ్నీలు బాగా దెబ్బతిన్నాయి. వారానికి రెండుసార్లు రక్తం శుద్ధి చేయించుకోవాలి. బస్సులో పోవడం, మంచం మీద పొద్దంతా ఉండటం, మళ్లీ బస్సులో రావడం. మనిషి సగం అయింది. వంట పని వేరే ఆమెకు ఇచ్చారు. నేను తోడు పోయేవాడిని. బస్సులో ఎవరైనా లేచి సీటు ఇస్తే కూర్చునేది. ఇవ్వకపోతే నేను వాళ్లను తిట్టేవాడిని. ఒకసారి మంచం మీద కళ్లు మూసుకుని, "అన్నా, ఇంకెన్ని నెలలున్నది?" అని అడిగింది. దేనికని నేను అడగలేదు. "దగ్గరకొచ్చింది తీ" అన్నాను. "జర పట్టుకో నన్ను, గడువు దాటేదాక" అంది. ఎలా పట్టుకోవాలో ఎవరికి తెలుసు. చేయి పట్టుకున్నాను. ఎముక మీద తోలు తప్ప ఏమీ లేదు.

గడువు దాటింది. ఆ రోజు పొద్దున్నే కర్ర పట్టుకుని మా ఇంటికి వచ్చింది. మా ఇల్లు, వాళ్ల ఇల్లు ఒకే వాడ. అయినా రావడానికి చాలాసేపు పట్టింది. అరుగు మీద కూర్చుని ఊపిరి తీసుకుని, నా భార్యను పిలిచింది.

"వదినె, చాయ పెట్టు. బోరు నీళ్లతోటి పెట్టు. అల్లం దంచు."

నా భార్య నా వైపు చూసింది. నేను కసిరాను. "ఏం మాటలే గవి? దవాఖానల నీళ్లే తక్కువ తాగుమన్నరు."

"ఒక్క గ్లాసు. మూడేండ్ల సంది మీ ఇంట్ల గుక్కెడు నీళ్లు తాగలె. ఇయ్యాల్టి సంది నాకు భయం లేదు."

నా భార్య ఏడుస్తూనే పెట్టింది. చెల్లె సగం గ్లాసు తాగింది. బాగుంది అంది. మిగతాది తాగలేక నాకు ఇచ్చింది. నేను తాగాను. ఆ మాట నాకు ఇప్పటికీ నచ్చదు. భయం లేదు అనడం. అంతదాకా బతకాలని బతికిన మనిషి, ఇక చావొచ్చు అన్నట్టుగా అంది. ఆ తర్వాత కూడా దవాఖానకు పోయింది, మందులు వేసుకుంది. కానీ ఇదివరకటి పట్టు లేదు. వానాకాలం మధ్యలో ఒక పొద్దున నిద్రలోనే పోయింది. నేను రేషన్ దుకాణం దగ్గర ఉన్నాను. చెప్పాను కదా.

దినాలు అయ్యాయి. మేనకోడలు కాగితాలు పంపి చదువుకు పోయింది. కొన్ని వారాల తర్వాత కంపెనీ నుంచి విచారణ సారు కారులో వచ్చాడు. నేను మేకల వెంట గుట్ట కింద ఉన్నాను. ఎవరో చెబితే మేకలను తోలుకుని వచ్చాను. వచ్చేసరికి చెల్లె వాకిట్లో జనం నిండి ఉన్నారు. కుర్చీ వేసి సారును కూర్చోబెట్టారు. ఆయన చేతిలో కాగితాలు. ఒక్కొక్కరినే అడుగుతున్నాడు. ఆమె ఎలా ఉండేది, ఏ జబ్బు ఉండేది అని.

"జబ్బా? బంగారం లెక్క ఉండె సారూ. ఒక్కనాడు తలకాయ నొస్తుందనలె" అంది పక్కింటి పెద్దమ్మ.

"బాయి గడ్డ మీద జింక లెక్క ఉరికేది. నిటారుగ ఉండె, వెదురు కట్టె లెక్క" అన్నాడు ఒకాయన.

హోటలు వదినె కూడా వచ్చింది. చెల్లెతో మాట్లాడటం మానేసిన మనిషి. ఆమె చేయి గుండెల మీద పెట్టుకుని చెప్పింది. "పైసంత రోగం లేదు సారూ. పొద్దుగాల లేసి నాకంటె ముందు వాకిలి ఊడ్సుకునేది. దేవుడు ఉత్తగనే తీసుకపోయిండు."

ఎవరూ చెడ్డ మనసుతో అనలేదు. రోగం ఉందంటే పిల్లకు రావాల్సింది రాకుండా పోతుందని వాళ్ల భయం. పైగా పోయినవాళ్ల మీద రోగం పెట్టడం మా దగ్గర పాపం కింద లెక్క. చెల్లె బతికి ఉన్నప్పుడు ఎత్తిపొడిచిన వాళ్లే, చచ్చినాక ఆమెను నిటారుగా నిలబెడుతున్నారు.

సారు ముఖం బిగుసుకుపోయింది. కాగితాలు తిప్పి చూశాడు. "నడుము వంగిన మనిషి, కర్ర లేకుండా నడవలేదు అని ఇక్కడుంది. ఎక్స్‌రే ఉంది. మీరంతా నిటారుగా ఉండేదంటున్నారు. అయితే పాలసీ తీసుకున్న మనిషి, చనిపోయిన మనిషి ఒకరేనా?" అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది, ఎవరి చావో చూపించి డబ్బు అడుగుతున్నామని ఆయన అనుమానం. ఆమె మూడేళ్లు మోసింది ఈ నాలుగు మాటలతో కూలిపోతోంది. నేను ముందుకు పోబోతుంటే పెద్దమ్మ నా అంగీ పట్టుకుని గుంజింది. నోరు తెరవకు అని కళ్లతో చెబుతోంది. చేయి విడిపించుకున్నాను.

"సారూ, నేను దాని అన్నను. వీళ్లు అబద్ధం చెప్తున్నరు. మంచికే చెప్తున్నరు గని అబద్ధం. మా చెల్లె నడుం వంగిన మనిషే. దాని బిడ్డ పాలు తాగెటప్పుడే వంగింది. మీ కాయితంల ఉన్నదే నిజం. గది రాయమన్నది అదే."

"సిగ్గు లేదా? నీ తోడబుట్టినదాని మీద నువ్వే రోగం పెడుతున్నవా?" అంది పెద్దమ్మ.

"నీకు లేదా రోగం? నాకు లేదా?" అన్నాను.

ఈ మాట నా జన్మలో ఎన్నడూ అనలేదు. నా మెడ పట్టేసి చాలా ఏళ్లయింది. ఎవరైనా పిలిస్తే మెడ తిప్పను, మనిషినంతా తిప్పుతాను. మేకల వెంట తిరిగి పట్టేసింది అని చెబుతాను. ఆ రోజు నెత్తి మీది తువాలు తీశాను.

"దవాఖానల మా రోగాన్ని గిట్ల చూస్తరు సారూ. గదువ, గీ గడ్డం, రొమ్ముకు ఆనియ్యమంటరు. మంచిగున్నోనికి ఆనుతది. చూడు, నాది ఆనదు."

తల వంచాను. గదువ కొంత దూరం వచ్చి ఆగిపోయింది. ఇంకా వంచబోతే వెన్నులో నిప్పు పెట్టినట్టయింది. అలాగే పట్టి ఉంచాను. సారు నన్ను చూసి, తెలియకుండానే తానూ తల వంచాడు. ఆయన గదువ చొక్కా గుండీకి తగిలింది. వెంటనే ఎత్తేశాడు. ఆయన ముఖంలో బిగువు పోయింది.

"ఆమెకు మీకంటే ఎక్కువా?" అని అడిగాడు, మెల్లగా.

"నాకంటె చాన ఎక్కువ. ఆకాశం చూసి ఎన్నేండ్లయిందో నాకు తెల్వది."

ఆయన రాసుకున్నాడు. నాతో సంతకం చేయించుకున్నాడు. బడికి పోయి పెద్ద సారునూ అడిగాడు. ఆయన కూడా ఉన్నదే చెప్పాడు. కొన్నాళ్లకు డబ్బులు మేనకోడలు పేరు మీద పడ్డాయి. పిల్ల ఆఖరి ఏడు చదువుతోంది. పెద్దమనుషులు కూర్చోవాల్సిన పని పడలేదు. అనుకున్నది సాధించుకుని పోయింది మా చెల్లె. కానీ ఆమె లేకుండా వచ్చిన గెలుపు అది. ఎవరికి చెప్పుకోవాలి.

కారు పోయినాక కూడా ఆ సాయంత్రం వాకిట్లోంచి ఎవరూ కదలలేదు. నా మీద తిట్లు పడతాయని నిలబడి ఉన్నాను. పడలేదు. ముందు పెద్దమ్మ మెల్లగా తల వంచి చూసుకుంది. గదువ ఆగిపోయింది. చేయి వేసి కిందికి నొక్కుకుంది. అయినా ఆనలేదు. హోటలు వదినె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఎవరూ చూడటం లేదనుకుని వంచింది. జింక లెక్క ఉరికేది అన్నాయన గోడ వైపు తిరిగి వంచాడు. ఒకరి తర్వాత ఒకరు. పొద్దు గుంకుతోంది. ఆ వాకిట్లో అంతమందీ తలలు వంచబోయి, సగంలో ఆగిపోయి, ఒకరి వైపు ఒకరు చూడకుండా నిలబడి ఉన్నారు.